గోడలో చెమ్మ వేట: టెస్ట్ పంపు, తేమ మీటరు, ఎపాక్సీ గ్రౌట్... మూడు వర్షాకాలాల తర్వాత

తీర్పు ముందే చెప్పేస్తాను. ఇంట్లో కనిపించని లీకుల కోసం నేను కొన్నవాటిలో, అద్దెకు తెచ్చినవాటిలో, మనుషులను పిలిచి చేయించుకున్నవాటిలో పెట్టిన డబ్బుకు మించి పని చేసింది పైపుల్లో నీటి ఒత్తిడి పెంచి లీకును పట్టడానికి ప్లంబర్లు వాడే చేతి టెస్ట్ పంపు. తేమ మీటరుది రెండో స్థానం. టైల్స్ సందుల్లో నింపే ఎపాక్సీ గ్రౌట్ మంచిదే, కానీ అది ఎక్కడ పనికిరాదో తెలిసి ఉండాలి. థర్మల్ కెమెరా ఒకే ఒక్క సందర్భంలో అక్కరకొచ్చింది. సీలింగుకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించే, పదేళ్ల గ్యారంటీతో వచ్చిన ఇంజెక్షన్ పనికి మాత్రం మళ్లీ పైసా ఇవ్వను.

హైదరాబాద్‌లో మాది కింద ఒకటి, పైన ఒకటి పోర్షన్లున్న ఇల్లు. కింది భాగం పాతది, వంటింటి గోడల్లో ఇంకా జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులే ఉన్నాయి. పై అంతస్తు తర్వాత వేసింది, అందులో సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు. మా బాత్రూమ్‌కు సరిగ్గా కింద, అద్దెకున్నవారి పడకగదిలో గోడ ఉబ్బి పెచ్చులూడడం మొదలైంది. సీలింగు మూలలో పసుపు మరక. వచ్చిన ప్రతి మేస్త్రీ గోడను అరచేత్తో తట్టి ఒకటే మాట: "మేడమ్, పైన బాత్రూమ్ మొత్తం పగలగొట్టాలి. టైల్స్ తీసేసి కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేద్దాం." నీరు ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే, పైనుంచే అంటారు. అది నాకూ తెలుసు.

బాత్రూమ్ కింద కనిపించే చెమ్మకు నీరు చాలా దారుల్లో రావచ్చు. ఎప్పుడూ నిండి ఉండే కుళాయి లైను కారవచ్చు, వాడినప్పుడు మాత్రమే పారే డ్రైనేజీ పైపు కారవచ్చు, టైల్స్ సందుల్లోంచి నీరు కిందికి దిగవచ్చు. బయటి గోడ అయితే వాన కూడా. ఒక్కోదానికి ఒక్కో మందు. టైల్స్ కింద ఎంత ఖరీదైన పూత పూసినా, గోడలో పైపు కారుతూనే ఉంటే ఆ ఖర్చంతా నీళ్లలో పోసినట్టే. పగలగొట్టడానికి ముందు దారి ఏదో తేల్చమంటే, ఆ పని తమది కానట్టు చూసేవారు.

కుళాయిలన్నీ కట్టేసి వాటర్ మీటరు ముల్లు తిరుగుతోందేమో చూడమని చాలామంది చెబుతారు. నల్లా నీరు రోజు విడిచి రోజు వచ్చి సంపులో పడి, అక్కడి నుంచి మోటారుతో పై ట్యాంకుకు ఎక్కే మనలాంటి ఇళ్లలో ఆ పరీక్ష నడవదు. సంపు దాటిన తర్వాత ఏం జరిగినా మీటరుకు తెలియదు. మనకు పనికొచ్చేది ట్యాంకు గీత. ఒక రాత్రి ట్యాంకు కింది వాల్వు కట్టేసి నీటిమట్టం దగ్గర గీత పెట్టాను, ఉదయానికి అది కదలలేదు. మరో రాత్రి వాల్వు తెరిచి, ఎవరూ నీళ్లు వాడకుండా చూశాను. మట్టం గీత కిందికి దిగింది. అంటే ట్యాంకు బాగానే ఉంది, తప్పంతా లైన్లలో ఉంది. ట్యాంకు అడుగు చదరపు మీటరు వైశాల్యం ఉంటే, మట్టం ఒక్క సెంటీమీటరు దిగిందంటే 10 లీటర్లు పోయినట్టు. అలాగని అదంతా గోడలోకే పోయిందనుకోకూడదు. ఫ్లష్ ట్యాంకులో ఫుడ్ కలర్ కలిపి అరగంట ముట్టుకోకుండా వదిలేస్తే కమోడ్‌లోకి రంగు దిగింది. లోపలి రబ్బరు వాషరు పాడైంది. అది మార్చాక నష్టం తగ్గింది కానీ ఆగలేదు.

ఇక టెస్ట్ పంపు. ఒక చిన్న తొట్టి, పొడవాటి పిడి, ముల్లు గేజ్, ఒక హోస్ పైపు, అంతే పరికరం. హార్డ్‌వేర్ దుకాణాల్లో రోజు అద్దెకు దొరుకుతుంది. బాత్రూమ్‌కు వచ్చే వాల్వు కట్టి, గీజర్‌ను లైను నుంచి విప్పి, షవర్, హెల్త్ ఫాసెట్, కుళాయిల చోట డమ్మీ ప్లగ్గులు బిగించి, మిగిలిన ఒక్క పాయింటుకు హోస్ తగిలించి పిడి కొట్టాలి. పది మీటర్ల ఎత్తు నీటికి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి అని లెక్క. మా ట్యాంకు బాత్రూమ్ కుళాయిలకు నాలుగైదు మీటర్ల పైనే ఉంది కాబట్టి లైనులో మామూలుగా ఉండేది అర కిలో. ఆ ఒత్తిడికి మెల్లగా చెమర్చే సందు, పంపుతో ఎక్కించే ఆరు కిలోల దగ్గర దాక్కోలేదు.

దీన్ని వాడటంలో కొన్ని మెలకువలున్నాయి. లైనులో గాలి మిగలకూడదు. చివరి ప్లగ్గును కాస్త వదులు చేసి, బుడగలు ఆగి నీరు నిండుగా వచ్చాకే బిగించాలి. గాలి ఉంటే లీకు లేని లైనులోనూ ముల్లు కొంత దిగి కంగారు పెడుతుంది. గీజర్‌ను లైనులోనే ఉంచి కొడతామనే ప్లంబర్లున్నారు, ఒప్పుకోవద్దు. ఆ ఒత్తిడికి గీజర్ ట్యాంకే దెబ్బతినవచ్చు. తుప్పు పట్టిన జీఐ పైపుల మీద ఇంత ఒత్తిడి అసలు వద్దు, పాత చిల్లు వెతకబోతే కొత్తది పడుతుంది.

చన్నీళ్ల లైను గంటసేపు ముల్లు కదలకుండా నిలబడింది. వేడినీళ్ల లైనులో మాత్రం ముల్లు కళ్లముందే జారిపోయింది. మొదట అంతా పగలగొట్టాలన్న ప్లంబరే అది చూసి, "టైల్స్ అన్నీ తీయక్కరలేదు మేడమ్" అన్నాడు.

థర్మల్ కెమెరా అక్కరకొచ్చింది ఇక్కడే. అంతకుముందు వర్షాకాలంలో ఒకసారి కెమెరా మనిషి వచ్చి గోడంతా చూసి, తెరమీద ఒకే రంగు చూపించి ఫీజు తీసుకుని వెళ్లాడు. ఆ కెమెరాకు గోడ లోపలి నీరు కనబడదు. పైపై వేడిలో తేడా ఉంటేనే ఏదైనా పట్టుకుంటుంది, గోడా నీరూ ఒకే చల్లదనంలో ఉంటే దానికి చూపించడానికేమీ ఉండదు. వేడినీళ్ల లైనుదే లోపమని తేలాక మళ్లీ పిలిపించి, గీజర్ తగిలించి వేడినీళ్లు వదిలితే పైపు దారి తెరమీద స్పష్టంగా వెలిగింది. నీటిని షవర్‌కూ కుళాయికీ మళ్లించే డైవర్టర్ వెనక ఒకచోట ఆ వెలుగు గీత దాటి పరుచుకుంది. అక్కడ ఒక్క టైలు తీస్తే ఇత్తడి మరలున్న ఎల్బోలో (పైపు మలుపు ముక్కలో) సన్నటి పగులు కనిపించింది. మరలను అవసరానికి మించి బిగిస్తే ఇలా అవుతుందట. చెవికి తగిలించుకుని శబ్దం వినే పరికరం తెచ్చినవారూ ఉన్నారు. ఒత్తిడి తక్కువగా ఉండే ప్లాస్టిక్ లైన్లలో లీకు పెద్దగా శబ్దం చేయదు, దానికి ఖర్చు దండగ.

కొత్త ఎల్బో వేశాక పైపులను అతికించే సాల్వెంట్ సిమెంటుకు డబ్బా మీద రాసినంత సమయం ఇచ్చి, మళ్లీ పంపు కొట్టించి, ముల్లు నిలిచాకే టైలు మూయించాను. ఈ రెండో పరీక్షకు ఎవరికీ ఓపిక ఉండదు. పక్కన నిలబడి చేయించుకోవాలి.

తేమ మీటరు రెండు సూదులు గోడకు గుచ్చి అంకె చూపించే చిన్న వస్తువు, నేను కొన్నప్పుడు రెండు వేల లోపే. ఆ సూదుల మధ్య విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందో కొలుస్తుంది. దాని మీద ఉండే శాతాలు కలపకు లెక్కగట్టినవి, ప్లాస్టరింగు మీద ఆ అంకెను నమ్మకూడదు. పోల్చడానికి మాత్రం చాలా బాగుంటుంది. గోడ మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకుని, పక్కన తేదీతో అంకె రాసుకుంటూ పోయాను. పొడి గోడలో ఒక చుక్క, మరక మధ్యలో ఒకటి, అంచుల్లో కొన్ని. ఎల్బో మార్చిన తర్వాత గోడలో అంకెలు వారాల తరబడి నెమ్మదిగా దిగాయి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది, లప్పం పెట్టేవారి తొందర దానికి పట్టదు. దీనికో లోపముంది. గోడకు తెల్లగా ఉప్పు పూసిన చోట, తడి లేకపోయినా అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆ పొర గీకేసి, లోపలి ప్లాస్టరింగు మీద చూడాలి.

గోడ ఆరుతుంటే సీలింగు మూల మాత్రం ఆరలేదు. రెండో లీకు ఉందని తెలిసింది ఈ మీటరు వల్లే. నేల మీది నీరు బయటికి పోయే నహానీ ట్రాప్ మూసి బాత్రూమ్ నేల మీద రెండంగుళాల నీరు నిలబెట్టి ఒక రోజు ఉంచితే, కింద మూల మరింత తడిసింది. ట్రాప్ చుట్టూ సిమెంటు విడిపోయి ఉంది, టైల్స్ మధ్య పాత సిమెంటు గ్రౌట్ కూడా చాలాచోట్ల రాలిపోయింది. ట్రాప్ చుట్టూ తవ్వి మళ్లీ పూడ్పించి, సందులన్నీ గీకించి ఎపాక్సీ గ్రౌట్ నింపించాం. సందులు పొడిగా ఉండాలి కాబట్టి అంతకుముందు కొన్నాళ్లు ఆ బాత్రూమ్ వాడలేదు. రెజిన్, హార్డెనర్ కలిపాక చేతిలో ఉండే సమయం తక్కువ, ఎండాకాలంలో మరీ తక్కువ. టైల్ మీద మిగిలింది వెంటనే తుడవకపోతే ముదురు బెల్లం పాకంలా పట్టుకుని వదలదు. మా బాత్రూమ్‌లో గుమ్మం దగ్గర ఆ పొర ఇప్పటికీ ఉంది. నేల సందుల్లో మాత్రం ఇంతవరకు ఒక్క చోటా రాలలేదు, నల్లబడలేదు. నేలా గోడా కలిసే మూల వెంట వేసింది ఏడాదికే చిట్లింది. ఆ రెండూ వేరువేరుగా కదులుతాయి, అక్కడ గట్టిపడే గ్రౌట్ నిలవదు, సాగే సీలెంట్ కావాలి. సిలికాన్ వేయించాం. అది నల్లబడుతుంది, కొన్నేళ్లకోసారి తీసి వేసుకోవాలి.

ఇంజెక్షన్ సంగతి కూడా చెప్పాలి. కింద సీలింగుకు రంధ్రాలు చేసి, నీరు తగిలితే పొంగే పాలీయురెథేన్ ఎక్కించారు. చుక్కలు పడటం ఆ వారమే ఆగింది. తర్వాతి వానల్లో మూరెడు పక్కన మొదలైంది. గ్యారంటీ కాగితం చూపిస్తే, అది రంధ్రం చేసిన చోటికే వర్తిస్తుందన్నారు. పై నుంచి నీరు వస్తూనే ఉన్నప్పుడు కింద బిరడా బిగిస్తే అది ఇంకో దారి వెతుక్కుంటుంది. టైల్స్ మీద పోసే పారదర్శక ద్రవానిదీ ఇంచుమించు ఇదే కథ, నాలుగు నెలలు బాగుంటుంది.

కొనాలా అని అడిగితే, పంపు కొనవద్దు, అద్దెకు తెచ్చుకోండి. గేజ్ ముల్లు సున్నా దగ్గరే ఉందో లేదో చూసి తీసుకోండి. తేమ మీటరు కొనవచ్చు, మా వీధిలో అది మా ఇంట్లో కంటే పక్కిళ్లలోనే ఎక్కువ తిరుగుతోంది. చెమ్మ గోడలో స్విచ్ బోర్డు ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందో లేదో చూపించుకోండి, లీకు సంగతి తర్వాత.

కింద వంటింటి జీఐ లైను ఇంకా మిగిలింది. దాన్ని వెతికి అతికించే ఆలోచన మానుకున్నాం. గోడలో పాత పైపును రెండు చివరలా మూసేసి అలాగే వదిలేసి, బయటి గోడ మీదుగా కొత్త సీపీవీసీ లైను తీసుకొస్తున్నాం. ఎండ తగిలే చోట పైపుకు రంగు వేయించాలి, ఆ ఖర్చు కూడా లెక్కలో కలుపుకున్నాం.