వెబ్బా, మొబైలా: బీటెక్ మూడో ఏడులో దేని మీద కూర్చోవాలి?

ఎలెక్టివ్ ఫారాలు నింపే రోజులొస్తే చాలు, జూనియర్ల నుంచి ఒకటే మెసేజ్: "అన్నా, వెబ్ తీసుకోవాలా, మొబైల్ యాప్ డెవలప్‌మెంట్ తీసుకోవాలా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది. అందుకే అంతా ఒకచోట పెడుతున్నాను.

ముందు ఫారం గొడవ తేల్చేద్దాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్లో (2018లో చేరినవాళ్లతో మొదలైన సిలబస్, నిబంధనల కట్ట) సీఎస్ఈ వాళ్లకి వెబ్ టెక్నాలజీస్ తప్పనిసరి పేపరు, మొబైల్ అప్లికేషన్ డెవలప్‌మెంట్ ప్రొఫెషనల్ ఎలెక్టివ్. మీ రెగ్యులేషన్లోనో, మీ అటానమస్ కాలేజీలోనో ఇంకోలా ఉండొచ్చు. ఎలా ఉన్నా, యూనిట్‌కి నాలుగు ప్రశ్నలు చదివి ఏ పేపరైనా గట్టెక్కొచ్చు. అసలు ఆలోచించాల్సింది మినీ ప్రాజెక్టు దేనిలో చెయ్యాలి, సెలవులు దేనికి పెట్టాలి, రాత్రిళ్లు దేనికోసం మేలుకోవాలి అన్నది. నేను రాసేది దాని గురించే.

లాప్‌టాప్ గురించి అందరూ భయపడతారు గానీ, అది తేల్చే విషయం కాదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని గూగులే చెబుతుంది. ఆ 8 జీబీ మీద ఎమ్యులేటర్ (లాప్‌టాప్ లోపలే నడిచే ఉత్తుత్తి ఫోన్) తెరిచి, పక్కన క్రోమ్‌లో పది ట్యాబులు పెడితే మిషన్ మొరాయిస్తుంది. దీనికి మందుంది. ఎమ్యులేటర్ జోలికి పోకుండా మీ ఫోన్‌నే కేబుల్‌తో కలపండి. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేస్తే చాలు. హాస్టల్ వైఫై మీద గ్రేడిల్ (యాప్‌ని కట్టిపెట్టే టూల్) డౌన్‌లోడ్లకి మాత్రం నాకు తెలిసిన మందు లేదు. వెబ్‌కి వీఎస్ కోడ్ ఎడిటర్, ఒక బ్రౌజర్ ఉంటే పని మొదలవుతుంది.

మొబైల్ వైపు నిజంగా ఉన్న బలం వేరు. ఫోన్ మీద యాప్ రాసేవాడికి మొదటి వారంలోనే కష్టాలు మొదలవుతాయి. వాడేవాడు ఫారం సగం నింపుతుండగా కాల్ వస్తుంది. ఫోన్ అడ్డంగా తిప్పగానే యాక్టివిటీ (యాప్‌లో తెరిచి ఉన్న స్క్రీన్) చచ్చి మళ్లీ పుడుతుంది, మీరు దాచిపెట్టుకోని డేటా మాయమవుతుంది. లిఫ్టులోకి వెళ్లగానే నెట్ పోతుంది. లొకేషన్ అనుమతి అడిగితే "వద్దు" నొక్కుతారు. వీటన్నిటికీ జవాబు రాసుకుంటూ పోతే, డేటా ఎక్కడుండాలి, ఏది ఎప్పుడు పోవచ్చు అన్న జాగ్రత్త చేతికి అలవాటవుతుంది. వెబ్ నేర్చుకునేవాళ్లలో చాలామందికి ఈ జాగ్రత్త ఉద్యోగంలో చేరాక గానీ రాదు. ఈ విషయంలో మొబైల్ వాళ్లకే నా ఓటు.

మరి తేల్చేదేమిటి? నా మటుకు నాకు ఒక్కటే: కాలేజీలో నేర్చుకున్నది, కట్టింది ఎన్నాళ్లు పనికొస్తుంది?

యూనివర్సిటీ ఒక రెగ్యులేషన్ రాసిందంటే ఆ బ్యాచ్ నాలుగేళ్లూ దానితోనే బతకాలి. ఆండ్రాయిడ్‌కి ఏటా కొత్త వెర్షన్. ఈ రెండు గడియారాలూ ఎప్పటికీ కలవవు. ఒకసారి తేదీలు చూడండి. 2017లో గూగుల్ ఆండ్రాయిడ్ యాప్‌లకి జావా పక్కనే కోట్లిన్ అనే భాషకి అధికారికంగా చోటిచ్చింది. 2019లో ఇక కోట్లినే ముందు అంది. 2020లో ఆండ్రాయిడ్ 11తో, వెనకాల పని నడిపే ఎసింక్‌టాస్క్‌ని పక్కన పెట్టేసింది. 2021 జూలైలో, స్క్రీన్లని కోట్లిన్‌లోనే రాసే జెట్‌ప్యాక్ కంపోజ్ 1.0 వచ్చి, స్క్రీన్లు ఎక్స్ఎంఎల్‌లో రాసే పద్ధతినే మార్చేసింది. అంటే 2018లో ఆర్18 కింద చేరిన కుర్రాడు డిగ్రీ పూర్తి చేసేలోపే భాష, స్క్రీన్లు రాసే తీరు, వెనకాల పని నడిపే పద్ధతి మూడూ మారిపోయాయి. ల్యాబ్ మాన్యువల్లో మాత్రం జావా, ఎక్స్ఎంఎల్ లేఅవుట్, లిస్ట్‌వ్యూ. ఎసింక్‌టాస్క్ గురించి పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి, కోడ్‌లో రాస్తే ఆండ్రాయిడ్ స్టూడియో ఇక వాడొద్దని దాని మీద అడ్డగీత కొడుతుంది.

నేర్చుకున్నదాని సంగతి అదైతే, కట్టినదాని సంగతి ఇంకో రకం. ప్లే స్టోర్ ఖాతాకి ఒకసారి 25 డాలర్లు కట్టాలి, ముగ్గురు కలిసి వేసుకుంటే పెద్ద భారం కాదు. ఆ తర్వాతే ఉంది అసలు కథ. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాల వాళ్లు యాప్‌ని అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్షించాలి. మొదట్లో 20 మంది అన్నారు, తర్వాత తగ్గించారు. హాస్టల్లో 12 మందిని పట్టుకోవడం ఎంతసేపు? 14 రోజులూ మధ్యలో ఒక్కడూ జారిపోకుండా చూసుకోవడమే తలనొప్పి. అదీ దాటి స్టోర్‌లోకి ఎక్కారే అనుకుందాం, టార్గెట్ ఏపీఐ (యాప్‌ని ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టు రాశారన్నది) నిబంధన వెంటపడుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లు, అప్‌డేట్లు ఏపీఐ 35ని, అంటే ఆండ్రాయిడ్ 15ని, టార్గెట్ చెయ్యాలన్నారు. ఏటా ఈ గీత ఒక మెట్టు పైకి జరుగుతుంది. మూడో ఏడులో పెట్టిన యాప్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే, ఒకట్రెండేళ్లలో కొత్త ఫోన్లున్నవాళ్లకి స్టోర్లో కనపడటమే మానేస్తుంది.

గూగుల్‌ని తప్పు పట్టలేం. పాత యాప్‌లు పాత అనుమతులతో ఫోన్ల మీద పడి ఉంటే ప్రమాదమే. కంపెనీల్లో దీన్ని చూసుకోవడానికి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. బ్యాక్‌లాగులు, గేట్ కోచింగ్, ప్లేస్‌మెంట్ టెస్టుల మధ్య ఉన్న విద్యార్థికి ఆ తీరిక ఎక్కడిది?

వెబ్ సిలబస్ కూడా పాతదే. పీహెచ్‌పీ, ఎక్స్ఎంఎల్, సర్వ్‌లెట్లు, జేఎస్‌పీ అని చూసి పిల్లలు నవ్వుకుంటారు. కానీ సర్వ్‌లెట్ల (సర్వర్ మీద నడిచి బ్రౌజర్‌కి జవాబిచ్చే జావా ప్రోగ్రాములు) యూనిట్‌ని ఒకసారి శ్రద్ధగా చదవండి: రిక్వెస్ట్, రెస్పాన్స్, సెషన్, కుకీ. ఇవాళ మీరు సర్వర్‌ని నోడ్‌తో రాసినా, జాంగోతో రాసినా ఉన్నవి అవే. జావా వాళ్లు స్ప్రింగ్ బూట్‌తో మామూలుగా రాసే వెబ్ అప్లికేషన్ అడుగున నడిచేది ఇప్పటికీ సర్వ్‌లెట్లే. సెర్న్ పరిశోధన సంస్థలో పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్‌కి దాచి ఉంచిన పాత కాపీ ఈ రోజు మీ ఫోన్లో నొక్కినా తెరుచుకుంటుంది. పాత సిలబస్ వల్ల వెబ్‌లో జరిగే నష్టం, మొబైల్‌లో జరిగేదానికన్నా చాలా తక్కువ.

అలాగని వెబ్‌లో ఏదీ పాతబడదని కాదు. వెబ్ స్క్రీన్లు కట్టే యాంగ్యులర్‌జేఎస్‌కి గూగుల్ 2021 చివరితో మద్దతు ఆపేసింది. అలాంటిదే ఇంకోటైన రియాక్ట్ నేర్చుకునే ప్రతివాడూ మొదట టైపు చేసిన, కొత్త ప్రాజెక్టుకి పునాది వేసిపెట్టే క్రియేట్ రియాక్ట్ యాప్‌ని 2025లో పక్కన పెట్టేశారు. 2022 నవంబర్ 28న, సైట్లని నెట్‌లో పెట్టుకునే హెరోకూ సర్వీసు ఉచిత ప్లాన్ ఎత్తేస్తే, దాన్నే నమ్ముకున్న రెజ్యూమేల్లో లింకులు చచ్చిపోయాయి. అందుకే హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి), ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష), మామూలు జావాస్క్రిప్ట్ మీద ఒక సెమిస్టర్ గడిపాకే రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ పట్టుకోమంటాను. అమీర్‌పేటలో రెండు నెలల ఫుల్ స్టాక్ కోర్సులు సరిగ్గా దీన్ని తిరగేసి చెబుతాయి. ఫీజు కట్టినవాడికి మొదటి వారంలోనే ఏదో ఒకటి కదిలి కనపడాలి కదా!

వెబ్ వాళ్లకి ఉన్న పెద్ద జబ్బు లోకల్‌హోస్ట్, అంటే సైట్‌ని సొంత లాప్‌టాప్ మీదే నడుపుకోవడం. ఎక్స్‌ఏఎమ్‌పీపీ మీద ప్రాజెక్టు నడిపి, స్క్రీన్‌షాట్లు పీపీటీలో అతికించి, రికార్డు బైండింగ్‌కి ఇచ్చేస్తారు. అలా అయితే పైన చెప్పిన లాభాలేవీ మీకు రావు. లింకు ఉండాలి, ఆ లింకు మీ జూనియర్ ఫోన్లో తెరుచుకోవాలి, వాడు "లాగిన్ అవ్వట్లేదన్నా" అంటే రాత్రికి సరిచేయాలి. వెబ్‌లో ఆ మార్పు అందరికీ ఒకేసారి చేరుతుంది. వాట్సాప్‌లో పంపిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) అయితే ఎవడి ఫోన్లో ఏ వెర్షన్ ఉందో తెలియదు.

ఇంకో మాట. మొబైల్ మినీ ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఫైర్‌బేస్ (లాగిన్లు, డేటా చూసుకునే గూగుల్ సర్వీసు) మీద కూర్చుంటాయి. వాడుకోవడానికి మంచి సరుకే. కానీ వైవాలో "పాస్‌వర్డ్ ఎలా దాస్తున్నావు?" అని అడిగితే "అది ఫైర్‌బేస్ చూసుకుంటుంది సార్" అనడంతో సంభాషణ ముగుస్తుంది. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్‌లో మోడర్న్ అప్లికేషన్ డెవలప్‌మెంట్ అని రెండు కోర్సులున్నాయి. మొదటిదాంట్లో నేర్పే పనిముట్లు ఫ్లాస్క్, ఎస్‌క్యూలైట్. రెండోదాంట్లో వ్యూ, రెడిస్, సెలరీ. పేరులో వెబ్ అన్న మాట లేకపోయినా రెండూ వెబ్బే, సర్వర్ (వెనకాల లాగిన్లు, డేటా చూసుకునే ప్రోగ్రామ్) మీరే రాయాలి. అది ఊరికే అలా పెట్టలేదని నా అనుమానం.

ఉద్యోగాల గురించి పెద్దగా చెప్పను. క్యాంపస్‌కొచ్చే సర్వీస్ కంపెనీలు కోడింగ్ టెస్టు చూస్తాయి గానీ ఎలెక్టివ్ పేరు చూడవు.

మొబైల్‌కి వేరే దారులూ ఉన్నాయి. ఫ్లట్టర్: ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ యాప్ వస్తుంది, స్క్రీన్లు అందంగా వస్తాయి, దాన్ని రాసే డార్ట్ భాష వేరే ఎక్కడా పెద్దగా పనికిరాదు. రియాక్ట్ నేటివ్: రియాక్ట్ పద్ధతిలోనే ఫోన్ యాప్‌లు రాయడం, రియాక్ట్ వచ్చాక చూసుకోండి. ఐఫోన్ యాప్‌లు: మ్యాక్ కావాలి, యాప్ స్టోర్‌లో పెట్టాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి, ఇంట్లో అడిగే ముందు ఆలోచించుకోండి.

మీ ఆలోచనకి ప్రాణం కెమెరాలోనో, బ్లూటూత్‌లోనో, నెట్ లేని పొలాల్లో పనిచేయడంలోనో ఉంటే మాత్రం మొదటి రోజు నుంచే కోట్లిన్‌తో మొదలుపెట్టండి, ల్యాబ్ మాన్యువల్ పక్కన పెట్టి గూగుల్ సొంత కోడ్‌ల్యాబ్స్ (ఆన్‌లైన్ పాఠాలు) పట్టుకోండి. మిగతావాళ్లు మూడో ఏడంతా వెబ్ మీద కూర్చుని, సర్వర్‌ని జేసన్ (వెబ్ పేజీ, యాప్ రెండూ చదవగలిగే డేటా రూపం) ఇచ్చేలా రాసుకోండి. 4-2 మేజర్ ప్రాజెక్టులో యాప్ కావాలనిపిస్తే సర్వర్‌ని దాదాపు అలాగే ఉంచి స్క్రీన్లు మాత్రం కొత్తగా రాసుకోవచ్చు, అదీ ఆ ఏడాది నడుస్తున్న పద్ధతిలో.