వ్యానులో మోటార్‌సైకిల్: తాడా, రాట్చెట్ బెల్టా, ఏది మేలు?

నెల్లూరులో ఇల్లు ఖాళీ చేసి ఒంగోలుకో చెన్నైకో మారే కుటుంబాలు సామాన్లతోపాటు మోటార్‌సైకిల్‌ను కూడా టాటా ఏస్‌లోనో బొలెరో పికప్‌లోనో వేసుకుని పోవడం మామూలే. నలుగురు చేతులు వేస్తే బండి పైకి ఎక్కుతుంది. ఎక్కిన బండి దిగేదాకా పడిపోకుండా నిలబడాలంటే దేనితో కట్టాలి, ఎక్కడ కట్టాలి అన్న దగ్గరే తేడాలు వస్తాయి. మన వైపు వాడుకలో ఉన్నవి మూడు: కోసిన టైరు ట్యూబు, తాడు, పళ్ల చక్రంతో బిగించే రాట్చెట్ బెల్టు. నా మొగ్గు ముందువైపు రెండు బెల్టులకు, వెనకవైపు తాడుకు. కారణాలు చెప్పేముందు స్టాండు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే స్టాండు తప్పయితే ఎంత మంచి బెల్టయినా వృథా.

చాలామంది డ్రైవర్లు బండికి సైడ్ స్టాండు వేసి, హ్యాండిల్‌కు నాలుగు చుట్లు తాడు చుట్టి, "ఇంక కదలదన్నా" అంటారు. అలా కట్టినప్పుడు తాడు కిందికి లాగే బలమూ, గతుకుల్లో బండి బరువూ కలిసి ఆ ఒక్క ఇనుప కాలి మీదే పడతాయి. స్టాండు వంగడం, దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే అతుకు చీలడం ఇందువల్లే. మెయిన్ స్టాండు చూడటానికి గట్టిగా కనిపిస్తుంది గానీ, వ్యాను సడెన్ బ్రేకు వేయగానే బండి ముందుకు జారి స్టాండు దానంతటదే మడుచుకుపోతుంది. అందుకని రెండు చక్రాలూ నేల మీద ఆనేలా, స్టాండు తీసేసి, ముందు చక్రాన్ని క్యాబిన్ వెనకున్న పలకకు ఆనించి నిలబెట్టడమే సరైన పద్ధతి. మధ్యలో ఒక పాత టైరు పెడితే మడ్‌గార్డు నలగదు. బండిని మొదటి గేరులో ఉంచాలి.

ట్యూబు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాల క్యాన్లను సైకిల్‌కు బిగించడానికి అది బాగుంటుంది, సాగడమే దాని గుణం కాబట్టి. బండి విషయంలో ఆ గుణమే దోషం: గతుకు దగ్గర బండి ఎటు ఒరిగితే ట్యూబూ అటే సాగుతుంది. ముందు చక్రం దొర్లకుండా ముందు బ్రేకు లివరును నొక్కి హ్యాండిల్ గ్రిప్పుతో కలిపి చుట్టడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

ఇక తాడు. రొయ్యల గుంటల దగ్గర, పడవల మీద, కిరాణా అంగళ్లలో దొరికే రంగురంగుల తాడును అందరం నైలాన్ అనే అంటాం గానీ, అందులో చాలా భాగం పాలీప్రొపిలీన్. అది నీళ్లలో తేలుతుంది, నునుపుగా ఉండి ముడి జారుతుంది, ఎండలో ఎన్నాళ్లో పడి ఉంటే పెళుసెక్కి పొట్టు రాలుతుంది. అసలైన నైలాన్ బలమైనదే. అయితే బాగా సాగుతుంది, తడిస్తే ఇంకొంచెం సాగుతుంది. లోడు కట్టడంలో చెయ్యి తిరిగిన లారీ మనిషి ఈ లోపాన్ని ముడితో సరిచేస్తాడు. తాడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసను వ్యాను కొక్కెం చుట్టూ తిప్పి, ఆ ఉచ్చులోంచి వెనక్కి లాగి బిగిస్తే, చేతి బలం దాదాపు రెట్టింపై తాడు మీద పడుతుంది. ఆ ముడి వచ్చినవాడు కట్టిన తాడు, రాట్చెట్ వాడటం రానివాడు కట్టిన బెల్టు కంటే మేలని ఒప్పుకుంటాను. చిక్కల్లా ఆ ముడి అందరికీ రాకపోవడం. వచ్చినా, దారిలో సడలినప్పుడు మొత్తం విప్పి మళ్లీ కట్టవలసి రావడం.

రాట్చెట్ బెల్టు పాలియెస్టర్ పట్టీ. పెద్దగా సాగదు, తడిసినా అంతే. పళ్ల చక్రం ఒక్కొక్క పన్నూ ఎక్కుతూ ఎంత బిగించామో అంతే పట్టి ఉంచుతుంది, సడలితే పిడి రెండుసార్లు ఆడిస్తే చాలు. దాని ప్రమాదమూ ఆ బిగింపులోనే ఉంది. కటకటమని పిడి లాగుతూనే పోతే ముందు షాక్ అబ్జార్బర్లు పూర్తిగా కిందికి దిగిపోయి, దారంతా వాటి ఆయిల్ సీళ్ల మీద ఒత్తిడి ఉంటుంది. షాకులు వాటి ప్రయాణంలో సుమారు సగం దిగగానే ఆపాలి. తేలికైన బండికి పళ్ల చక్రం లేని మామూలు నొక్కుడు బకిలు బెల్టు చాలు. దానితో అతిగా బిగించడం అంత తేలిక కాదు.

బరువు లెక్క కూడా చూడాలి. స్ప్లెండర్ సుమారు 112 కిలోలు, క్లాసిక్ 350 సుమారు 195. లోడు భద్రతకు ఐరోపా దేశాలు పాటించే లెక్క ప్రకారం కట్టు ముందువైపుకు బరువులో 0.8 వంతు, పక్కలకు 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. ఆ ప్రకారం క్లాసిక్ ముందుకు సుమారు 156 కిలోల బలంతో, పక్కకు సుమారు 98 కిలోల బలంతో తోస్తుంది. ముందుకు తోసేదాన్ని క్యాబిన్ పలక ఆపుతుంది, పక్కకు తోసేదాన్ని మాత్రం మన కట్టే ఆపాలి. బెల్టు మీద కుట్టిన చీటీలో అది ఎంత బరువు పడుతుందో రాసి ఉంటుంది. తాడుకు అలాంటి చీటీ ఉండదు. చీటీ లేని బెల్టును ఆటోనగర్‌లో ఎంత చౌకగా ఇచ్చినా కొనకపోవడమే మంచిది.

ఎక్కడ కట్టాలన్నది దీనికంటే ముఖ్యం. హ్యాండిల్ కొసలకు కడితే హ్యాండిల్ వంగుతుంది, క్లచ్ కేబుల్ నలుగుతుంది. లెగ్ గార్డు రెండు బోల్టుల మీద నిలిచే పైపు, దాన్ని నమ్మరాదు. రెండు ఫోర్కులను, అంటే ముందు షాకుల గొట్టాలను, కలిపి పట్టే కింది ప్లేటు చుట్టూ మెత్తటి పట్టీ వేసి, దాని ఉచ్చులో బెల్టు కొక్కెం తగిలిస్తే ఇనుము ఇనుమును గీకదు. అక్కడి నుంచి బెల్టులు చెరో పక్కకూ, ముందుకూ, కిందికీ దిగాలి. టాటా ఏస్ లాంటి బండ్లలో తాడు కొక్కేలు పక్క పలకలకు బయట ఉంటాయి. బెల్టు అడుగు ఎత్తున్న ఆ పలక అంచు మీదుగా పోవాల్సి వస్తుంది కాబట్టి అంచు కింద గోనెపట్టా మడిచి పెట్టాలి, లేకపోతే ఇనుప అంచు పట్టీని కోస్తుంది. బెల్టుతో వచ్చే కొక్కెం ఆ బయటి కొక్కేనికి పట్టకపోవడమూ ఉంది. బాడుగ మాట్లాడేటప్పుడే చూసుకోవాలి. వెనకవైపు పని చక్రం ఎగిరి పక్కకు జరగకుండా చూడటమే, దానికి సీటు వెనక పట్టుకునే గ్రాబ్ రెయిల్ నుంచి రెండువైపులా తాడు చాలు.

ఊళ్లోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికి, అదీ స్ప్లెండర్ లాంటి బండయితే, తాడు కట్టి పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టినా గడుస్తుంది. నూట ఇరవై కిలోమీటర్ల పైన ఉండే ఒంగోలు దారికి, అంతకుమించి కనిగిరి, ఉదయగిరి వైపు స్పీడ్‌బ్రేకర్ల రోడ్లకు, బుల్లెట్ లాంటి బరువైన బండికి బెల్టు లేకుండా బయల్దేరడం నేను ఒప్పుకోను. దేనితో కట్టినా పెన్న దాటి కోవూరు దగ్గర ఒకసారి, ముసునూరు, టంగుటూరు టోల్‌గేట్ల దగ్గర మళ్లీ చేత్తో నొక్కి చూడాలి. మొదటి పాతిక కిలోమీటర్లలోనే ఎక్కువ సడలుతుంది.

దించేటప్పుడు విప్పే వరుస తెలిసి ఉండాలి. సైడ్ స్టాండు ఎడమవైపు కాబట్టి ఒక మనిషి బండిని పట్టుకుని స్టాండు వేశాక, ముందుగా కుడివైపు బెల్టును మెల్లగా వదలాలి. అప్పుడు ఎడమ బెల్టు లాగుడుకు బండి స్టాండు మీదికే ఒరుగుతుంది. ఎడమది ముందు విప్పితే కుడి బెల్టు బండిని స్టాండు లేని కుడివైపుకు లాగి పడేస్తుంది.