వారం వారం మాత్రా, ఏడాదికోసారి సెలైనా?

మా అమ్మకి ఎముకలు పలచబడ్డాయని తేలాక సూర్యారావుపేటలో డాక్టరు గారు రెండు మందులు చెప్పారు. ఒకటి వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ 70 మి.గ్రా. మాత్ర, రెండోది ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా. రెండూ బిస్ఫాస్ఫోనేట్లే, అంటే ఎముకను కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి వదిలే ఆస్టియోక్లాస్ట్ కణాల జోరు తగ్గించేవి.

మాత్ర చవకే, దాని రూల్సే తలనొప్పి. పొద్దున్నే పరగడుపున నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట నడుం వాల్చకుండా, ఏమీ తినకుండా ఉండాలి, కాఫీ కూడా బంద్ (కాఫీ పడకపోతే మా అమ్మకి తెల్లారదు!). ఎందుకంటే ఖాళీ కడుపుతో వేసుకున్నా ఒంటికి పట్టేది ఒక శాతం లోపే, పైగా పడుకుంటే గొంతు కిందున్న అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేయొచ్చు.

సెలైన్‌కి ఈ గోల లేదు. కనీసం 15 నిమిషాలు ఎక్కిస్తారు, ఇంక ఏడాది దాకా మర్చిపోవచ్చు. కాకపోతే మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 35 మి.లీ. లోపుంటే అసలు ఇవ్వరు.

ఏది తీసుకున్నా ముందు రక్తంలో కాల్షియం, విటమిన్ డి చూపించుకోవాలి, తక్కువుంటే సరిచేశాకే మందు. పన్ను పీకించుకునే పనుంటే డాక్టరుకి ముందే చెప్పండి.

ఎసిడిటీ, మతిమరుపు ఉన్నవాళ్లకి నా ఓటు సెలైన్‌కే. అమ్మకి మాత్రం సూదంటే భయం, మాత్రే కావాలంది, అందుకే ప్రతి ఆదివారం పొద్దున అరగంట కాఫీ పొడి డబ్బా నా దగ్గరే ఉంటోంది.