సిక్కోలు కథలకు ఆంధ్రభారతి నిఘంటువు ఎంతవరకు పనికొస్తుంది?

అర్థంకాని తెలుగు మాట తగిలితే ఫోన్‌లో చూసుకోడానికి ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన చేతికందే సాధనం. పైసా కట్టక్కర్లేదు. ఒక్క మాట కొడితే బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు (1852), శబ్దరత్నాకరం (1885), సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివన్నీ వరసగా అర్థాలు చూపిస్తాయి. సూర్యరాయాంధ్రం ఒక్కటే ఎనిమిది సంపుటాలు, ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? కావ్యాలకీ, గురజాడ కాలం వచనానికీ దీనికి వంక పెట్టలేం.

శ్రీకాకుళం, విజయనగరం కథల దగ్గరకొచ్చేసరికే చిక్కు. మాటని పేజీలో ఉన్నట్టే కొట్టి, ఏమీ రాలేదని మూసేస్తారు. నిఘంటువుల్లో ఉండేది మూలరూపం, కథలో ఉన్నది నోటిమాట. ముందు దాన్ని వెనక్కి తిప్పాలి.

మొదట చూడాల్సింది మాట మొదటి అక్షరం. స ఉంటే చ పెట్టి చూడండి: సేను అంటే చేను. ఎ, ఇ ఉంటే వ చేర్చండి: ఎల్లడం వెళ్లడమే, ఇత్తనాలు విత్తనాలే. న ఉంటే ల: నేదు అంటే లేదు. తర్వాత తోక కత్తిరించాలి. లో, కి, తో తీసేసి బహువచనాన్ని ఏకవచనం చెయ్యాలి. 'మళ్లలో' అని ఉంటే వెతకాల్సింది మడి. పాత నిఘంటువులకి సున్నా కాదు, 'ము' కావాలి. మన కల్లం అక్కడ కళ్లము. సెరువు ముందు చెరువు అవుతుంది, శబ్దరత్నాకరంలో బండి ఱతో చెఱువు అవుతుంది. క్రియకైతే 'ఉ'తో ముగిసే రూపం ఇవ్వాలి: దున్నతన్నాడు కాదు, దున్ను.

ఇంత చేశాక అసలు పరీక్ష మొదలవుతుంది, ఎందుకంటే అర్థం ఒకటి కాదు, నాలుగొస్తాయి. 'ఏరు' తీసుకోండి. నాగావళి, వంశధార ఒడ్డు కథల్లో ఏరంటే నది అనుకోవడం సహజం. కానీ 'తెల్లారకముందే ఏరు కట్టాడు' అంటే నదికి కట్ట కట్టలేదు, నాగలికి ఎడ్లను కట్టాడు. ఏరువాకలో ఉన్నది ఈ ఏరే. పాత రాతలో నదికి ఏఱు, నాగలికి ఏరు కాబట్టి బండి ఱ ఉన్న చోట ఆగి చూస్తే సగం సందేహం తీరుతుంది. మిగతా సగం పక్క మాట తీరుస్తుంది: కట్టాడా, దాటాడా, పొంగిందా? ఇంకో ఉచ్చు 'ఏటి'. 'ఏటి గట్టు'లో అది నది, 'ఏటి సేస్తన్నావు'లో ఏమిటి. ఇలాంటిది ఏ నిఘంటువూ మన బదులు తేల్చదు. అందుకే వాక్యం చివరిదాకా చదివాకే వెతకాలి.

ఫలితాల్లో ముందు బ్రౌన్ చూడటం మేలు. అర్థం ఇంగ్లీషులో క్లుప్తంగా ఉంటుంది, వాడుక మాటలకి చోటెక్కువ. ఆ ఇంగ్లీషు పందొమ్మిదో శతాబ్దిది, అది గుర్తుండాలి. శబ్దరత్నాకరంలో పొడి అక్షరాలు దాటెయ్యకండి: దే. అంటే దేశ్యం (అచ్చ తెలుగు మాట), వి. అంటే విశేష్యం (నామవాచకం), క్రి. అంటే క్రియ. కథలో మాట క్రియగా ఉంటే 'వి.' కింద ఉన్న అర్థాలు వదిలెయ్యొచ్చు, సగం పని అక్కడే తగ్గిపోతుంది.

వృత్తి పదాలకి మాత్రం ఈ పాత నిఘంటువులు చాలవు. పొందూరు ఖద్దరు గురించి చదువుతుంటే వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, ఏకు, కండె, పడుగు, పేక ఒకే పేరాలో వచ్చిపడతాయి. ఏకు అంటే వడకడానికి చుట్టిన దూది అని బ్రౌన్‌లో దొరుకుతుంది గానీ, దాని తర్వాత ఏ పని, ఏ పనిముట్టు అన్నది తెలియదు. దానికి భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం కావాలి. మొదటి సంపుటం (1962) వ్యవసాయం, రెండోది (1971) చేనేత. గ్రంథాలయంలో కనిపిస్తే మీ కథలో మాటలకి సంబంధించిన పేజీలు ఫోటో తీసి ఉంచుకోండి.

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు కథల్లో ఒడియా మాటలుంటాయి. వాటిని తెలుగు నిఘంటువులో వెతకడం వృథా, ఒడియా నిఘంటువే దారి. సీతంపేట కొండల కథల్లో సవర (అక్కడి గిరిజనుల భాష) మాటకైతే గిడుగు రామమూర్తి సవర-ఇంగ్లీషు నిఘంటువు (1938) ఉంది.