గిట్‌ల్యాబ్, జిరా కలపడం: లింకుల వరకు సూపర్, ఆటో డన్ మాత్రం వద్దు

ముందే చెప్తున్నా, గిట్‌ల్యాబ్‌ని (టీము కోడ్ దాచుకునే చోటు) జిరాతో (పనులు, బగ్‌లు టికెట్లుగా రాసుకునే టూల్) కలిపే ఈ ఇంటిగ్రేషన్ గిట్‌ల్యాబ్ ఫ్రీ ప్లాన్‌లోనే వచ్చే మంచి ఫీచర్, కళ్లు మూసుకుని పెట్టుకోండి, కాకపోతే అందులో ఒక్క ఆప్షన్ జోలికి మాత్రం పోకండి.

బెంగళూరులో బెళ్లందూరు, మార్తహళ్లి సైడు మన తెలుగోళ్లున్న టీముల్లో చాలా చోట్ల ఇదే కథ, కోడేమో గిట్‌ల్యాబ్‌లో, టికెట్లేమో జిరాలో, టెస్టర్ వచ్చి "అన్నా ఆ పేమెంట్ బగ్ ఏ కమిట్‌లో ఫిక్స్ చేశావ్" అంటే పాత చాట్‌లన్నీ తవ్వుకోవాలి. ఇది పెట్టాక కమిట్ (కోడ్‌లో సేవ్ చేసిన ఒక మార్పు) మెసేజ్‌లోనో మెర్జ్ రిక్వెస్ట్ (ఆ మార్పుల్ని మెయిన్ కోడ్‌లో కలపమని అడిగేది) టైటిల్‌లోనో టికెట్ కీ, అంటే ఆ టికెట్‌కి జిరా ఇచ్చిన కోడ్ నంబర్, రాస్తే చాలు, ఇటు లింకు పడుద్ది, అటు జిరా టికెట్ కింద ఫలానా కమిట్‌లో దీని ప్రస్తావన ఉందని కామెంట్ పడుద్ది. మా టెస్టర్ ఇప్పుడు నా డెస్క్ దగ్గరికి వస్తే లంచ్‌కి పిలవడానికే.

సెటప్ బ్రహ్మవిద్యేం కాదు, ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఇంటిగ్రేషన్స్‌కి పోయి జిరా అడ్రస్, మెయిల్ ఐడీ, ఏపీఐ టోకెన్ (పాస్‌వర్డ్ బదులు వాడే సీక్రెట్ కోడ్) ఇవ్వడమే. కిటుకంతా ఆ టోకెన్ దగ్గరే ఉంది. ఎవరి అకౌంట్ మీద తీస్తే కామెంట్లన్నీ వాళ్ల పేరు మీదే పడతాయి, పైగా బెంగళూరులో ఎవడు ఎప్పుడు పేపర్లు వేస్తాడో తెలీదు కదా, ఆ మనిషి నోటీస్ పీరియడ్ అయిపోయి అకౌంట్ తీసేసిన రోజే కనెక్షన్ కూడా పోద్ది. అందుకని దీనికంటూ వేరే అకౌంట్ ఒకటి పెట్టించుకోండి. జిరా క్లౌడ్‌లో కొత్త టోకెన్‌కి ఏడాదికి మించి ఆయుష్షు లేదు, క్యాలెండర్‌లో రిమైండర్ వేసుకోండి.

టికెట్ కీ క్యాపిటల్ లెటర్లలోనే కొట్టాలి. ఇంకో తమాషా, మామూలుగా యూటీఎఫ్-8 (అక్షరాల ఎన్‌కోడింగ్ పేరు) అని రాసినా అది కూడా టికెట్టే అనుకుని లింకు వేసేస్తుంది, అలా కాకుండా రెజెక్స్ (కీ ఎలా ఉండాలో చెప్పే ప్యాటర్న్) ఇచ్చుకునే సెట్టింగ్ ఉందిలెండి.

ఇక ఆ ఆప్షన్ సంగతి. కీ ముందు క్లోజెస్ అనో ఫిక్సెస్ అనో రాస్తే, కోడ్ డీఫాల్ట్ బ్రాంచ్‌లోకి (ప్రాజెక్ట్ మెయిన్ కోడ్‌లోకి) చేరగానే టికెట్ తనంతట తనే డన్‌కి జరిగేలా పెట్టుకోవచ్చు. మేనేజర్లకి ఇది తెగ నచ్చుద్ది, బోర్డు అంతా పచ్చగా కనిపిస్తుంది మరి. కానీ మెర్జ్ అవడం వేరు పని అవడం వేరు, స్టేజింగ్‌లో (రిలీజ్‌కి ముందు టెస్ట్ చేసే సెటప్‌లో) ఎవరూ చూడకుండానే డన్ అయిపోతే టెస్టర్ లిస్టులోంచే మాయమైపోద్ది. అంతగా కావాలంటే కస్టమ్ ట్రాన్సిషన్ (టికెట్‌ని మనం చెప్పిన స్టేటస్‌కి జరిపేది) అని ఉంది, అందులో రెడీ ఫర్ టెస్టింగ్‌కి పంపే ఐడీ ఇవ్వండి, సరిపోద్ది.

జిరా టికెట్లని గిట్‌ల్యాబ్ లోపలే లిస్టులా చూడాలంటే మాత్రం గిట్‌ల్యాబ్ ప్రీమియం ప్లాన్ ఉండాలి. పక్కన ఇంకో ట్యాబ్ తెరుచుకుంటే పోయేదానికి డబ్బులు దండగ అని నా ఫీలింగ్, కంపెనీ ఎలాగూ కొనేసి ఉంటే వాడుకోండి.