మీ ఈవెంట్ 50 మీటర్లా, 200 మీటర్లా? తేల్చిపెట్టే ఫినిస్ టెంపో ట్రైనర్ ప్రో

పెద్దవాళ్ల కోసం పెట్టే మాస్టర్స్ ఈత పోటీలకి పేరిచ్చేటప్పుడు చాలామంది స్కూలు రోజుల్లో ఏది ఈదారో దానికే టిక్ పెట్టేస్తారు. ఇరవై ఏళ్ల తర్వాత ఒంట్లో అప్పటి వేగం ఉందో, ఓపికే మిగిలిందో చూసుకోరు. కోచ్ అందుబాటులో లేనివాళ్లు ఆ సంగతి తేల్చుకోవడానికి ఈ చిన్న పసుపు బిళ్ల భలే పనికొస్తుంది. క్యాప్ కింద, చెవి పక్కన పెట్టుకుంటే మనం పెట్టిన లెక్క ప్రకారం బీప్ కొడుతుంది.

ముందు ఒళ్లు వేడెక్కేదాకా నెమ్మదిగా ఈదండి. చల్లటి భుజాలతో ఈ పరీక్ష వద్దే వద్దు. ఒకటో మోడ్‌లో బీపుకీ బీపుకీ మధ్య 1.20 సెకన్లు పెట్టి ఫ్రీస్టైల్ మొదలుపెట్టండి. ఒక్కో బీప్‌కి ఒక్కో చెయ్యి నీళ్లలో పడాలి. గోడని తన్ని వచ్చేటప్పుడు నీటి కింద పోయే బీపులు లెక్కలోకి రావు. 25 మీటర్లకి ఎన్ని స్ట్రోకులు, ఎన్ని సెకన్లు పట్టాయో రాసుకోండి. అర నిమిషం ఆగి, 0.06 తగ్గించి మళ్లీ ఈదండి. స్ట్రోకులు ఒకటీ అరా పెరగడం మామూలే. ఒక చోట మాత్రం ఒక్కసారిగా మూడో నాలుగో పెరుగుతాయి, టైమ్ తగ్గదు. అరచెయ్యి నీళ్లని పట్టుకోకుండా జారిపోతోందని అర్థం.

0.60 దాకా, అంటే నిమిషానికి 100 స్ట్రోకుల దాకా వచ్చినా టైమ్ తగ్గుతూనే ఉంటే 50, 100 ఎంచుకోండి. 0.85 దగ్గరే జారిపోతుంటే 200, 400లో నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. ఇది మోటు లెక్కే, కానీ ఊహ కంటే నయం.

ఈ బిళ్ల అసలు విలువ తెలిసేది సాధనలో. 200 ఫ్రీస్టైల్ 2 నిమిషాల 40 సెకన్లలో ఈదాలంటే 25 మీటర్లకి 20 సెకన్లు. బీప్ 20.00కి పెట్టి గోడ వదిలేటప్పుడు పై బటన్ నొక్కండి. రెండు బీపుల ఈత, ఒక బీపు విశ్రాంతి. ఇలా 50 మీటర్లవి ఇరవై దాకా. వెనకబడితే ఒకటి వదిలేసి మళ్లీ అందుకోండి, మూడోసారి వెనకబడితే సెట్ ఆపేయండి. చిన్న ముక్కల్ని పోటీ వేగంతోనే ఈదమనే, క్రీడా శాస్త్రవేత్త బ్రెంట్ రషల్ రేస్ పేస్ పద్ధతి సారం ఇదే. వారానికి మూడు గంటలే దొరికే ఉద్యోగస్తులకి బాగా సరిపోతుంది. 800, 1500 ఈదేవాళ్లకి మాత్రం ఇదొక్కటే చాలదు, నింపాదిగా ఈదే మీటర్లూ కావాలి.

బ్రెస్ట్‌స్ట్రోక్‌లో జాగ్రత్త. బీప్‌ని అందుకోవాలన్న తొందరలో గ్లైడ్‌ని, అంటే ఒళ్లు చాచి నీళ్లలో జారే ఆ క్షణాన్ని, మింగేస్తారు. బ్యాటరీ సీఆర్2032, మనమే మార్చుకోవచ్చు. మూత దగ్గర రబ్బరు రింగు మెలిక పడినా, దాని మీద వెంట్రుక ఉన్నా నీళ్లు లోపలికి దిగుతాయి.

పోటీలో దీన్ని పెట్టుకోనివ్వరు. అందుకే చివరి పది రోజులు ఒక 50 బీప్‌తో, తర్వాతి 50 బీప్ లేకుండా ఈది, రెండు టైములూ పోల్చుకోండి.