రొయ్యల గుంట మీద ఎంక్యూటీటీ: నాలుగేళ్లు వాడాక

ఎంక్యూటీటీ అంటే సెన్సర్లు, యంత్రాలు నెట్ మీద చిన్న చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి. మొదటి ఏడాది ఎవరడిగినా ఒకటే చెప్పేవాణ్ణి: ఎంక్యూటీటీ పెట్టుకోండి, ఒక్క సందేశం కూడా పోదు. ఆ మాట ఇప్పుడూ చాలావరకు వెనక్కి తీసుకోను. కానీ సందేశం పోకుండా దాచిపెట్టడం వల్లే ఒక రాత్రి మా మూడో గుంట మొత్తం పోయేంత పనయింది.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు దారికి కాస్త లోపలగా మా మామయ్యకు నాలుగు వనామీ రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీద షెడ్డులో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (ఇక నుంచి ‘పై’ అంటే అదే), దాంట్లో మస్కిటో అనే బ్రోకర్, అంటే సందేశాలు అందుకుని చేరవేసే ప్రోగ్రాం. క్లౌడ్‌లో ఇంకో మస్కిటో. రెంటికీ మధ్య సందేశాలు దాటించే బ్రిడ్జి. గుంటకో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సరు, నీటికి గాలి కలిపే ఏరేటర్ల స్టార్టర్ పెట్టెలో వాటిని వేసి ఆపే రిలే. వీటిని ఎలా పెట్టుకోవాలో ఎక్కడైనా దొరుకుతుంది, ఆ జోలికి పోను.

ముందు మంచి చెప్పాలి. ఆయిల్ పైపులైన్ల వివరాలు శాటిలైట్ లింకు మీద పంపడానికి ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ 1999లో తయారుచేసింది ఇది. నెట్ ఎప్పుడు పోతుందో తెలియని చోటు కోసమే పుట్టింది కాబట్టి మా గుంటలకు అతికినట్టు సరిపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు రెండు రోజులు నెట్ లేదు. పై మాత్రం జనరేటర్ మీద నడిచింది. మాకు నిమిషానికి నాలుగు రీడింగులు. మస్కిటో మామూలుగా క్యూలో ఉంచేది 1000 సందేశాలే, అంటే నాలుగు గంటల పది నిమిషాలకు నిండిపోతుంది. ముందే ఆ పరిమితి పెంచి ఉండటంతో, నెట్ వచ్చిన కాసేపటికి రెండు రోజుల రీడింగులూ వరస తప్పకుండా క్లౌడ్‌కు చేరాయి. ఆ గ్రాఫు చూసిన సంతోషం ఇంకా గుర్తుంది. అయితే క్యూను డిస్కు మీద రాసేది 1800 సెకన్లకోసారి. కరెంటు ఒక్కసారిగా పోయి పై ఆగితే ఆ చివరి అరగంట గల్లంతే. తర్వాత ఒకసారి అలా పోయింది కూడా. ఇప్పుడు నిమిషానికోసారి రాయిస్తున్నాను, ఎస్‌డీ కార్డు త్వరగా అరిగిపోతుందని ఎస్‌ఎస్‌డీ తగిలించాను.

ఇక ఆ రాత్రి సంగతి.

మేత వేసేటప్పుడు ఏరేటర్లు ఆపుతారు, లేకపోతే మేత కొట్టుకుపోతుంది. ఆ సాయంత్రం మామయ్య నెల్లూరులో పెళ్లికి వచ్చి ఉన్నాడు. మేత టైమైందని ఫోన్‌లో మూడో గుంటకు ‘ఆపు’ నొక్కాడు. గట్టు దగ్గర నెట్ లేదు. కాసేపు చూసి వాచ్‌మన్ చేత్తోనే ఆపాడు, మేత వేశాడు, అరగంటకు ఏరేటర్లు మళ్లీ చేత్తోనే వేశాడు. పని అయిపోయింది, ఆ బటన్ సంగతి ఎవరికీ గుర్తు లేదు.

క్లౌడ్‌లో బ్రోకర్‌కు మాత్రం గుర్తుంది. క్యూఓఎస్ 1 (సందేశం కనీసం ఒక్కసారైనా చేర్చాలనే స్థాయి), నెట్ తెగినా సెషన్ చెరిపేయవద్దని నేనే చెప్పాను కదా. తెల్లవారుజామున 3:20కి నెట్ వచ్చింది. సాయంత్రం ఆరున్నర నాటి ‘ఆపు’ అప్పుడు భద్రంగా గట్టుకు చేరింది. రిలే పడింది, ఏరేటర్లు ఆగాయి.

గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది సరిగ్గా ఆ వేళకే. రాత్రంతా నీటిలోని నాచు కూడా రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది, ఎండ వచ్చేదాకా తిరిగి ఇవ్వదు. అరగంటలో డీఓ లీటరుకు 3.8 మిల్లీగ్రాముల నుంచి 2.4కు దిగింది. డీఓ తగ్గితే ఏరేటర్ వేయమని పైలో నేను రాసిన నియమం ఉంది, కానీ మనిషి ఆజ్ఞ ఉంటే నియమం పక్కకు తప్పుకోవాలని రాసిందీ నేనే.

వాచ్‌మన్ ఫోన్ చేశాడు. “అన్నా, మూడో దాంట్లో వాటంతట అవే ఆగిపోయినాయి. నిద్రలో ఉండా, సద్దు ఆగేసరికి మెలకువొచ్చింది.” మోత ఆగినందుకు లేచిన మనిషి అతను. నేను వెళ్లేసరికి చేత్తో వేసేశాడు. టార్చి వేసి చూస్తే రొయ్యలు గట్టు వారగా పైకి తేలి మీసాలు ఆడిస్తున్నాయి. డెబ్బై రోజుల పంట. తెల్లారాక వలతో ఒక గంపెడు చచ్చినవి తీశాం. అంతటితో పోయింది.

“నేను ఆపమనింది సాయంత్రం మేతకు కదరా, తెల్లారుజామున ఎందుకు ఆపింది?” అని మామయ్య అడిగాడు. కోపంగా కూడా అడగలేదు. నాలుగేళ్లలో ఈ సిస్టమ్ గురించి నన్ను ఎవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు.

మొదట ఆజ్ఞలో టైము రాసి పంపాను, పాతదైతే పై పక్కన పడేయాలని. పరీక్షకు కరెంటు తీసి, నెట్ లేకుండా లేపి చూశాను. పై 4కు బ్యాటరీ గడియారం ఉండదు. ఆగినప్పటి టైమునే పట్టుకుని లేచింది. నెట్ వచ్చాక టైము సరిపడేలోపే ఆజ్ఞ వచ్చి పడింది, మూడు గంటల పాత ఆజ్ఞను అది తాజాదనుకుంది. అప్పుడు 2019లో వచ్చిన ఎంక్యూటీటీ 5కు మారాను. అందులో సందేశానికి ఇన్ని సెకన్లే ఆయుష్షు అని రాయొచ్చు. దాన్ని లెక్కపెట్టేది క్లౌడ్‌లోని బ్రోకరే, గట్టు మీద గడియారం ఎంత తప్పున్నా ఫర్వాలేదు. మా ‘ఆపు’కు 60 సెకన్లు పెట్టాను. ఈ ఒక్క సదుపాయం కోసమే పాత 3.1.1 వెర్షన్ మీద ఉన్నవాళ్లను మారమంటాను. రీడింగులకు మాత్రం ఆయుష్షు పెట్టలేదు, అవి ఎంత ఆలస్యంగా వచ్చినా పనికొస్తాయి.

అది కూడా చాలదనిపించింది. ఆజ్ఞ అందాక నెట్ పోతే ‘వేయి’ అని చెప్పేదెవరు? అందుకే ఇప్పుడు ‘ఆపు’ అంటే ఇంతసేపే ఆపు అని అర్థం. గడువు తీరగానే పై తనంతట తనే ఏరేటర్లు వేస్తుంది, క్లౌడ్‌ను అడగదు. డీఓ 3.5 కంటే దిగితే గడువు దాకా కూడా ఆగదు, మామయ్య మాటయినా సరే. రెండు పంటలు ఇలాగే నడిచాయి.

మావి నాలుగే గుంటలు, గట్టు మీద పడుకునే మనిషి ఉన్నాడు, జనరేటర్ ఉంది. వంద గుంటలున్నవాళ్లకు ఇది సరిపోతుందో లేదో నేను చెప్పలేను. రాత్రి మనిషి లేని గట్టు అయితే రీడింగులకు ధైర్యంగా వాడమంటాను, ఫోన్ నుంచి ఆపే బటన్ మాత్రం ఇవ్వను. మా ఫోన్‌లో ఆ బటన్ ఉంది, నొక్కగానే ఎంతసేపు అని అడుగుతుంది: 20, 30, 40 నిమిషాలు. నాలుగోది పెట్టలేదు.